పెన్నమ్మ రెండో ప్రవేశం

తెర ఒక కొస నా గుప్పిట్లో ఉంది. రెండో కొస ఎవరు పట్టుకున్నారో కనిపించడం లేదు, అంత పొడుగ్గా సాగిపోయింది అది, మా గాజుల అంగడి గడప దగ్గర మొదలై, వీధి దాటి, ఎండిన పెన్న ఇసుక మీదుగా పోయి, అవతలి గట్టు ఉండవలసిన చోట మసకలో కలిసిపోతోంది. బట్టని రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తాను, ఎక్కడున్నా సరే సరుకు చేతికి తగిలితే నలిపి చూడకుండా ఉండలేను నేను. వీధి ఆటలు ఆడే భాగవతులకి నేనే నేయించి ఇచ్చిన ఎర్ర తాను ఇది, పట్టు కాదు, నూలు, దివిటీల వెలుగులో మాత్రం పట్టులాగే మెరుస్తుంది. తెర అంచు ఇసుకకి జానెడు ఎత్తున ఆగిపోతే, ఆ సందులో రెండు పాదాలు కనిపిస్తున్నాయి. ఎడమ మడమ మీద పచ్చని మరక. తెలియనివాళ్ళు కాళ్ళకి రాసుకున్న పసుపు అనుకుంటారు. అది అర్దళం, వేషగాళ్ళు మొహానికి పూసుకునే రంగురాయి, అంగడి వెనక రోట్లో నూరుతుంటే చిమ్మి కాళ్ళ మీద పడి, ఎంత తోమినా ఒక పట్టాన పోదు.

"నాంచారూ" అంటాను.

"గట్టిగా పట్టుకోవే అక్కా. నీ పక్క జారిపోతావుంది."

గొంతు నా చెల్లెలిదే. పోయిన వానల్లో చలిజ్వరం తగిలి, కషాయం కాగేలోపు పోయింది, ఇరవై రెండేళ్ళ పిల్ల, ఆ సంగతి నాకు గుర్తుంది, గుర్తుండి కూడా విడ్డూరంగా ఏమీ అనిపించడం లేదు, సంతకి పోయిన మనిషి ఇల్లు చేరినట్టే ఉంది. చచ్చిపోయి కూడా నాకు పనులు పురమాయించడం మానలేదా అని అడుగుతాను. ఇక్కడ తెర పట్టడానికి చేతులున్న మనిషి ఒక్కరూ లేరు, నీకు కాక ఎవరికి చెప్పేది అంటుంది. నవ్వొస్తుంది నాకు. నవ్వి, వెంటనే ఆపేస్తాను, ఎందుకంటే నేను వచ్చింది పని మీద, పని ముందు నవ్వితే ఎదుటివాళ్ళకి మన అవసరం తెలిసిపోతుంది.

నాకు కావలసింది పాట ఒకటి. నాంచారు కట్టిన పెన్నమ్మ పెళ్ళి ఆటకి చివరి పాట. కొండలో పుట్టిన పెన్నమ్మ, ఊరూరా ఆగుతూ, రేవురేవునా చాకలివాళ్ళతో, పడవలవాళ్ళతో, అర్ఘ్యం ఇచ్చే అయ్యవార్లతో కబుర్లాడుతూ, పోట్లాడుతూ, సముద్రుడికి పెళ్ళికూతురై పోవడం ఆ కథ. మొదటినుంచి చివరిదాకా పాటే, మధ్యలో వచ్చే మాటలు కూడా తాళానికి లొంగినవే. భాగవతుల మేళంలో అందరూ మగవాళ్ళు, పెన్నమ్మ వేషం కట్టే వీరరాఘవులు కూడా మీసం గొరిగించుకున్న మగవాడే, ఆడది వాళ్ళ మధ్య నిలబడి నేర్పే ఆచారం లేదు. అందుకని మా వెనక వసారాలో ఈతచాప వేలాడగట్టి, చాప ఇవతల నాంచారు కూర్చుని పాడేది, అవతల ఒక్కొక్క వేషగాడూ వచ్చి కూర్చుని, విని, తిరిగి పాడి, నోటికి వచ్చాక లేచి పోయేవాడు. ఎవడి పాట వాడిది. మొత్తం ఆట ఉన్నది ఒక్క నాంచారు గొంతులోనే, ఆ గొంతు పోయాక నేను ఇంటింటికీ తిరిగి, ఒక్కొక్కడి చేత పాడించుకుని, ఏది ముందో ఏది వెనకో పూసలు కూర్చినట్టు కూర్చాను. పాడటం నాకు రాదు కాని, ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుందో నా కంటికి తెలుసు. దండ అంతా కుదిరింది, ముడి వేసే చోట దారం లేదు. పెన్నమ్మ సముద్రపు ఒడ్డున పందిరి దాకా వస్తుంది, అక్కడ పాడవలసిన పాట ఎవరి దగ్గరా లేదు.

రేపే ఆట, సంస్థానం దొర ముందు, ఏటి ఇసుకలో. సంస్థానంలో సంగీతం చెప్పే వరదయ్యవారు పాట లేకపోతే తానే కడతానన్నారు, పెళ్ళిపాట ఒకటి, దాని వెంట మంగళం. మంగళం లేని ఆట ఊరికి కీడని ఆయన నమ్మకం, ఆ మాట ఆయన పగతో అన్నది కాదు. అయితే మంగళంలో కట్టినవారి పేరు ముద్రగా పడుతుంది, మా సీమలో ఆట ఎవరి ముద్రతో ముగిస్తే ఆట వారిది. ఇప్పటికే ఊళ్ళో అంటున్నారు, చాప వెనక ఎవరు పాడారో ఎవరు చూశారు, అయ్యవారు కట్టి ఉంటారు, ఆ పిల్ల ఒప్పజెప్పి ఉంటుంది అని. రేపు ఆయన పేరు పడిందంటే ఇక అనుకోవడం ఉండదు, అదే నిజమైపోతుంది.

ఇదంతా తెర మీదుగా చెప్తూ ఉంటాను. చెప్తూ ఉండగానే తెర చాప అయిపోతుంది, ఈతాకు వాసన వస్తుంది, అవతల మా నాన్న తిరువెంగళశెట్టి భుజాన గాజుల మలారం వేసుకుని నడిచిపోతాడు, ఆయన కూడా పోయినవాడే, నన్ను చూసి కొత్త గిరాకీని చూసినట్టు నవ్వి సాగిపోతాడు. నాన్నని ఆపాలనిపించదు. నాకిప్పుడు నాన్నతో పని లేదు. ఆ సంగతికి కొంచెం నొచ్చుకుంటాను, నొచ్చుకునేలోపు చాప మళ్ళీ తెర అవుతుంది.

మొత్తం పాట అక్కర్లేదు, పల్లవి చాలు అంటాను. పల్లవి కూడా వద్దు, మొదటి మాట చెప్పు, మిగతాది అయ్యవారి చేతే కట్టిస్తాను, ముద్ర మాత్రం నీది వేయిస్తాను అంటాను. పాదాలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి, చిన్నప్పుడు అబద్ధం ఆడబోయే ముందు అట్లాగే రాసుకునేది.

"బేరం ఆడే మనిషి మొహం చూడకుండా ఎట్ట ఆడతావే" అంటుంది. "నన్ను బయటికి రప్పించు. వచ్చి చెప్తా."

"రా. ఎవరొద్దన్నారు."

"ఎట్ట వచ్చేది? ప్రవేశ దరువు ఎవరు పాడినారని?"

అది నిజమే. మా ఆటల్లో ఏ పాత్రా ఊరికే నడిచి రాదు. ఇద్దరు తెర పట్టుకుంటారు, వెనక వేషం నిలబడుతుంది, తాళాలవాళ్ళు దరువు ఎత్తుకుని వచ్చేది ఎవరో, ఎవరి బిడ్డో, ఏం కట్టిందో, దేనికి మిడిసిపడుతుందో పాడతారు, అంతా పాడాక తెర దించుతారు. దరువు లేకపోతే ఆ మనిషి వచ్చినట్టే కాదు. నాంచారు ఈ విద్యలోకి వచ్చిందే ఒక ప్రవేశ దరువుతో. భాగవతులు మా అంగడికి అర్దళం, అభ్రకం పొడి కొనడానికి వచ్చినప్పుడు, వేళాకోళానికి, చాకలి వేషంతో వచ్చే గాడిదకి ఒక దరువు కట్టవే పిల్లా అన్నారు. నవ్వకుండా కట్టింది. గాడిద తన వంశం చెప్పుకుంటుంది అందులో, తాతముత్తాతలు మోసిన మూటలన్నీ ఏకరువు పెడుతుంది, చివరికి ఇన్ని బట్టలు మోసిన మేము ఒక్క నూలుపోగు కట్టి ఎరగము అంటుంది. జనం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కొందరికి నవ్వు ఆగిపోయింది. ఆ ఏడాదంతా పిల్లలు వీధుల్లో అదే పాట.

"గాడిదకి కట్టినా" అంటుంది తెర వెనక నుంచి. "సముద్రుడి నౌకర్లకి కట్టినా, పీతలకి కట్టినా. నాకు ఎవరూ కట్టలేదు."

నాకు పాట రాదని నీకు తెలుసు కదా అంటాను. గొంతు లేదు, తాళం లేదు, దేవుడి ముందు హారతి పాట కూడా పెదవులు కదిలిస్తానే గాని పాడను అంటాను.

"పాటెవరు అడిగినారు. నాయుడమ్మల ఇళ్ళల్లో అరుగు మీద మలారం విప్పి గాజులు చూపిస్తావే, అప్పుడు ఎట్ట చెప్తావో అట్ట చెప్పు. నీ గొంతు యాడ లేస్తాదో, యాడ ఊరకే ఆగి వాళ్ళని ఊరిస్తాదో, యాడ జారతాదో, చిన్నప్పటినుంచి నీ పక్కన కూర్చుని విన్నా నేను. నా దరువుల్లో సగం ఆడనుంచి ఎత్తినవే. అయ్యవారికి తెలుసు. నీకే తెలీదు."

నా సరుకు నా అంగడిలోంచే పోతుంటే నాకు తెలియకపోవడం అదే మొదటిసారి. పోయిందని కోపం రావాలి, రావడం లేదు.

కాళ్ళ కింద ఇసుక మెత్తబడుతుంది. ఇప్పుడు మేము ఏటి మధ్యలో లేము, పెన్న సముద్రంలో కలిసే చోట ఉన్నాము, చేపలు పట్టే పట్టపువాళ్ళ గుడిసెలు ఉన్నాయి, వలలు ఆరేసి ఉన్నాయి, నేను గాజులు తొడుగుతున్నాను, నాంచారు పదేళ్ళ పిల్లై నా పక్కన కూర్చుని కొలతలవారీగా గాజులు అందిస్తోంది, అయినా తెర వెనక పాదాలు అట్లాగే ఉన్నాయి. ఇది నిజంగా జరిగింది. పట్టపు ముసలమ్మ ఒకతె చేయి చాచి కూర్చుని, నాంచారు ఏదో అడిగితే, ఇసుకమేట వైపు చూపించి, "పెన్నమ్మ ఈ ఏడు రాలేదమ్మా" అంది, పండక్కి రావలసిన ఆడబిడ్డ రాలేదన్నట్టు, అంతే మామూలుగా. దారిలో ఆగిపోయిందా అని అడిగింది నాంచారు. ఇసుక కిందికి పోయుంటాది, మాకేం తెలుసు, మేము ఈ కొసన ఉండేవాళ్ళం అంది ముసలమ్మ. ఇంటికి వచ్చేదాకా నాంచారు నాతో మాట్లాడలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళకి పెన్నమ్మ పెళ్ళి ఆట మొదలుపెట్టినప్పుడు, ఈ పెళ్ళి నువ్వు ఎందుకు ఎత్తుకున్నావే అని అడిగితే, ఇంకేం తోచలేదు అని తప్పించుకుంది.

తనకీ తొమ్మిదో ఏట పెళ్ళయింది. మొగుడు దొర దండుతో కలిసి పడమటికి పోయాడు, దండు తిరిగొచ్చింది, అతను రాలేదు, చనిపోయాడని చెప్పినవాడూ లేడు. మెడలో తాళి ఉంది, పోవడానికి అత్తిల్లు లేదు. లెక్కకి అందని సరుకు కింద పెట్టి ఊరుకున్నాము ఆ సంగతిని. నేను ముండమోసి ఇంటికి వచ్చాక ఇల్లు ఇద్దరిదీ అయింది, అది నాకు లాభమే అనిపించింది అప్పట్లో, ఇప్పటికీ అనిపిస్తోంది.

"ఆటలో పెళ్ళికూతురికి ప్రవేశాలు ఎన్ని దొరికినాయే నీకు?" అని అడుగుతుంది తెర వెనక.

రెండు అంటాను. ఒకటి కొండ దిగేటప్పుడు. ఇంకోటి తాళాలవాళ్ళకి నేర్పావు, దానికి చోటు లేక పక్కన పెట్టాను. పెన్నమ్మ ఒకసారి వచ్చిందంటే ఆట అంతా ఉంటుంది, రాఘవులు మధ్యలో తప్పుకోడు, ఉన్న మనిషి మళ్ళీ ఎట్లా వస్తుంది. కొండ దరువే రెండు రకాలుగా కట్టి చూసి, ఒకటి వదిలేసిందని అయ్యవారు అన్నారు. నేనూ సరేనన్నాను.

"ఒక పక్క సరుకు మిగిలింది. ఇంకో పక్క తక్కువైంది. అంగడిలో అట్ట జరిగితే ఏం చేస్తావే?"

చెవుల దాకా వేడెక్కుతుంది నాకు. అంగడిలో అయితే రెప్పపాటులో చూసి ఉండేదాన్ని. మిగిలినదాన్ని తెచ్చి తక్కువైన చోట పెట్టి చూస్తాను, ఎవరైనా చేసే పని అది, కాని పాట అనేసరికి అది నాకు తెలియని వ్యవహారమని అయ్యవారి నోటికి వదిలేశాను. అంటే ఆ రెండో దరువు చివరికి పోవాలి. సముద్రపు ఒడ్డున, పందిరి దగ్గర, మళ్ళీ తెర పట్టాలి. సరే, పట్టి దరువు పాడతారు, రాఘవులు పెళ్ళిబట్టలతో వస్తాడు. ఆ తర్వాత పెళ్ళిపాట ఏది అంటాను. అక్కడ మళ్ళీ ఖాళీయే కదా అంటాను. కొట్టు మూసేవేళ తాళంచెవి ఇవ్వకుండా ఏడిపించినట్టు ఏడిపించకు నాంచారూ అంటాను.

"ముందు నాది పాడు."

ఇక తప్పదు. తెర రెండు చేతులతో పట్టుకుని, ఎదురుగా అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళని తలుచుకుంటాను, వాళ్ళు వచ్చి కూర్చుంటారు కూడా, చేతులు కనిపిస్తాయి, మొహాలు ఉండవు, మణికట్లు మాత్రం వరసగా చాచి ఉంటాయి. గొంతు సవరించుకుంటాను.

"చూడండమ్మా, చూసి మరీ తీసుకోండి. తిరువెంగళశెట్టి చిన్నకూతురు, పేరు నాంచారు. అమ్మ ఒడి ఎరగదు, అక్క చంక ఎరుగును. ఒక భుజాన మలారం, ఒక చంకన ఈ పిల్ల, గాజుల చప్పుడే దీనికి ఉయ్యాల. దొరగారింటి ఆడపిల్లలకి అయ్యవారు లోపల పాఠం చెప్తుంటే, వాళ్ళ తల్లులకి బయట గాజులు తొడిగేటప్పుడు పక్కన కూర్చుని, లోపలి పిల్లలకన్నా ముందు పట్టేసిన పిల్ల. పగుళ్ళు దాచనమ్మా, మా నాయన పగులు చెప్పి అమ్మమన్నాడు. అన్నం చల్లారినా లేవదు. దీపం ఆర్పదు. ఒక్క మాటంటే రెండు అంటుంది. రోట్లో అర్దళం వేసి నూరడం మరిచి, పాట మధ్యలో నోరు తెరుచుకుని కూర్చుంటుంది. అయినా వాయించి చూడండమ్మా, ఒక్కసారి వాయించి చూడండి, ఇట్లాంటి మోత మళ్ళీ మా అంగడికి రాదు."

ఎక్కడ గొంతు లేచిందో, ఎక్కడ ఆగిందో నాకే తెలుస్తోంది ఇప్పుడు, నా నోటినుంచి వస్తున్నది గాడిద దరువులాగా, పడవలవాళ్ళ దరువులాగా, ఇన్నాళ్ళూ ఇంటింటికీ తిరిగి విన్న వరసల్లాగా ఉంది, ఎవరి దగ్గరనుంచి ఎవరు తీసుకున్నారో తేల్చడం కష్టంగా ఉంది. చాచిన మణికట్ల మీద గాజులు వాటంతటవే తాళం వేస్తున్నాయి. పాదాలు తెర వెనక కదులుతున్నాయి, పచ్చని మడమ లేచి దిగుతోంది, ఇసుక చిమ్మి నా కాళ్ళ మీద పడుతోంది. ఇంకా పాడతాను. చెప్పవలసింది అయిపోయినా ఆపను, చెప్పిందే మళ్ళీ చెప్తాను, దాని చెవిపోగు గురించి చెప్తాను, దానికి వంకాయ గిట్టదని చెప్తాను.

"చాలే" అంటుంది మెల్లగా. "దించు ఇంక."

నేను దించను.

"అక్కా. చేతులు నొస్తాయి. దించు."

నాకు నొప్పి లేదంటాను. ఇట్లాగే నిలబడు, నువ్వు బయటికి రాకపోయినా నాకు ఫరవాలేదు, పాట కూడా వద్దు, అయ్యవారి ముద్రే పడనీ, ఎవరి పేరైతే ఏం, తెర ఇట్లాగే పట్టుకుని ఉంటాను, నువ్వు ఆ పక్కన ఉండు, అప్పుడప్పుడు ఒక మాట అను అంటాను. ఇంతవరకు నా బతుకులో ఇంత నష్టానికి ఒప్పుకున్న బేరం లేదు, ఒప్పుకుంటూ ఎంత తేలిగ్గా ఉందో. ఇల్లంతా నేనొక్కదాన్నే తిరుగుతున్నాను నాంచారూ, రోలు నేనే కడుగుతున్నాను, దీపం నేనే ఆర్పుతున్నాను, ఆర్పమని అరవడానికి మనిషి లేదు.

పాదాలు ఉన్నాయి. సముద్రం చప్పుడు ఉంది.

"నేను కట్టింది అంతా దేనికోసం కట్టినానే" అంటుంది చివరికి. "అందరూ పెళ్ళికూతుర్ని చూద్దామని కూర్చుంటారు. దరువు బాగా పాడాల, చాలా బాగా పాడాల, ఒంటి మీద నగలన్నీ చెప్పాల, కళ్ళు చెప్పాల, నడక చెప్పాల. చెప్పి తెర దించాల. అంతే ఆట."

"ఆ తర్వాత?"

"దించి చూడు."

దించితే నీ పేరు ఎక్కడ పెట్టేది అని అడుగుతాను, నా నోటికి ఇంకొక అడ్డు తోచలేదు. మంగళం లేకపోతే ముద్ర లేదు, అయ్యవారిది పడదు సరే, నీదీ పడదు కదా.

"పెన్నమ్మ పేరు ఇసుక మీద ఎవరన్నా రాసి పెట్టినారా? వస్తే వచ్చిందంటారు, రాకపోతే రాలేదంటారు. దించవే. నాకు దాహంగా ఉంది."

దాహం అనేసరికి నా చేతులు నా మాట వినవు. చిన్నప్పుడు కూడా అంతే, ఆ మాట వినగానే చేతిలో ఉన్నది వదిలేసి పరుగెత్తేదాన్ని. గుప్పిళ్ళు విప్పుకుంటాయి. తెర మెల్లగా, అవతలి గట్టునుంచి ఇవతలి గట్టుదాకా ఒక్కసారిగా, చప్పుడు లేకుండా దిగుతుంది.

ఎవరూ లేరు.

ఇసుక ఉంది. కనుచూపు మేరంతా తెల్లని ఇసుక, దాని మీద ఎండ, సముద్రం కూడా లేదు. అరుగు మీద చాచిన మణికట్లన్నీ అట్లాగే గాలిలో ఆగిపోయి ఉన్నాయి, ఒక్క గాజు కదలడం లేదు, వాళ్ళంతా నేను చూస్తున్న చోటనే చూస్తున్నారు, రాని మనిషిని అంతమంది కలిసి చూడటం నేను ఎన్నడూ ఎరగను. వచ్చి ఉంటే ఇంతగా చూసేవాళ్ళు కాదు. నాకు అర్థమవుతుంది. ఖాళీ లేదు ఆ ఆటలో, ఉన్నది ఇదే. దీన్ని పూడ్చడానికే మేమంతా ఊరంతా తిరిగి పాట వెతికాము.

అర్థమైంది కదా, ఇక చాలు, లేచి పోవచ్చు, పని అయింది. కాని రెండు పాదాలు నిలబడిన చోట ఇసుక కాస్త లోతుగా ఉంది, దాహం అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. మోకాళ్ళ మీద కూలబడి తవ్వడం మొదలుపెడతాను, వేసవిలో ఆడవాళ్ళు ఏట్లో చెలమ తీసినట్టు, చేత్తో, పక్కకి తోస్తూ. పైన కాలుతున్న ఇసుక, దాని కింద గోరువెచ్చని ఇసుక, దాని కింద రంగు మారుతుంది, ముదురుతుంది, వేళ్ళకి చల్లదనం తగులుతుంది, ఇంకొంచెం, మణికట్టుదాకా దిగుతుంది చెయ్యి, నీళ్ళు రాలేదు, వస్తాయి, తడి ఉంది కదా అనుకుంటూ ఇంకా లోపలికి తోస్తాను, ఎవరో నా పేరు పిలుస్తున్నారు, నా చెల్లెలు నన్ను పేరు పెట్టి పిలవదు, ఇది తను కాదు.

"కోనమ్మా. ఓ కోనమ్మా. అంగడి తీసుండి నిద్రేందమ్మా, ఎవరన్నా ఎత్తుకపోతారు."

వీరరాఘవులు గొంతు. మిట్టమధ్యాహ్నం, వీధి తెల్లగా మండుతోంది, గడప బయట తలగుడ్డ తీసి విసురుకుంటూ నిలబడి ఉన్నాడు, కొత్తగా గొరిగిన పైపెదవి మీద చెమట. నేను అంగడి మూలన, చల్లగా ఉంటుందని నీళ్ళకుండ పక్కన నేల మీదే ఒరిగి నిద్రపోయాను. అయ్యవారు మంగళం కట్టేశారట, సాయంత్రానికి అందరికీ నేర్పిస్తారట, పెళ్ళిపీటల మీదికి బాసికం, పొణికి కర్ర నగలు, అభ్రకం అద్దిన చీర ఇప్పుడే తీసుకురమ్మన్నారని చెప్తాడు.

"అవేవీ అక్కర్లేదు రాఘవులూ" అంటాను పడుకునే. నా గొంతు నాకే కొత్తగా ఉంది. రెండో ప్రవేశ దరువుని తీసుకెళ్ళి చివర పెట్టమంటాను, సముద్రుడి పందిరి దగ్గర తెర పట్టించమంటాను, తాళాలవాళ్ళని దరువు అంతా వదలకుండా పాడమంటాను.

"పాడినాక నేను రావాల, అంతేనా?"

"నువ్వు రాకూడదు. అప్పటికి వేషం తీసేసి వెనక కూర్చో. తెర దించి అందరూ ఊరకే నిలబడాల. అంతే ఆట."

అతను విసురుకోవడం ఆపుతాడు. లోపలికి రాడు, తల తిప్పి వీధి చివర ఏరు కనిపించే వైపు చూస్తాడు, చూస్తూ ఆ రెండో దరువు మొదటి చరణం నోట్లోనే ఒకసారి అనుకుంటాడు. తర్వాత మంగళం లేకుండా అయ్యవారు ఒప్పుకోరు, దొర ఏమంటాడో అంటాడు. అయ్యవారి దగ్గరికి నేను వస్తాను అంటాను. ఆయన పాఠం బయట కూర్చుని విని నేర్చుకున్న పిల్ల కట్టిన ఆట అది, ఆయన ఒకసారి విని కాదంటే అప్పుడు చూద్దాం. నా చెల్లెలి పేరు అందులో ఉండదని నాకు తెలుసు, ఆ నష్టం నాది, దాన్ని ఎవరి మీదా వేయను.

ఏం కలగన్నావమ్మా అని అడుగుతాడు రాఘవులు, లేపడానికి చెయ్యి అందిస్తూ. లేద్దామని కుడిచెయ్యి తీసుకోబోతే రాదు. కుండ కింద పోసిన ఇసుకలో మణికట్టుదాకా కూరుకుపోయి ఉంది. మెల్లగా లాక్కుంటాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి, గోళ్ళ నిండా తడి ఇసుక, చెయ్యి తీసిన గుంట అడుగున నీళ్ళు సన్నగా ఊరుతున్నాయి.